జొన్నరొట్టె మీద మోపిన నేరము

పొరుగుపొరుగున ఉన్న రెండు దేశములలో ఒక దేశపు జనులు బలిష్ఠులుగాను, మరొక దేశపు జనులు దుర్బలులుగాను కనిపించినపుడు, కారణము వారి కంచములోనే ఉన్నదని చెప్పుట పరిపాటి. ఉన్నత పాఠశాలలలో ఆహారమును గూర్చిన పాఠము వచ్చినపుడెల్ల, గోధుమరొట్టె తిను పంజాబీకి, వరియన్నము తిను దక్షిణాది వానికి పోలిక పెట్టి, మొదటివానికే మార్కులు వేయుట అలవాటైపోయినది. ఈ అలవాటుకు మూలమైన ప్రయోగము గొప్పది. దానినుండి జనులు లాగిన సిద్ధాంతము మాత్రము అంత గొప్పది కాదు.

నీలగిరులలోని కూనూరులో సర్ రాబర్టు మెకారిసన్ ఎలుకలను గుంపులుగా విభజించి, ఒక్కొక్క గుంపుకు భారతదేశములోని ఒక్కొక్క ప్రాంతపు భోజనము పెట్టి పెంచినారు. సిక్కుల భోజనము తిన్న ఎలుకలు పెరుగుదలలో అన్నిటికంటె ముందు నిలిచినవి. మద్రాసీల భోజనము తిన్నవి చిట్టచివర నిలిచినవి. ఈ ఫలితములను ఆయన 1936లో లండనులో ఇచ్చిన కాంటర్ ఉపన్యాసములలో వివరించినారు. నాటినుండి "గోధుమ బలము, వరి నీరసము" అనే మాట చదువుకొన్నవారి నోట నిలిచిపోయినది.

అయితే ఆ బోనులలో పెట్టినది ఏమిటి? సిక్కు భోజనమనగా పొట్టు తీయని గోధుమపిండి రొట్టె మాత్రమే కాదు. దానితో పాలు, వెన్న, పప్పు, ఆకుకూరలు, అప్పుడప్పుడు మాంసము ఉన్నవి. మద్రాసు భోజనమనగా ముఖ్యముగా మరపట్టిన బియ్యము. పాలు, పప్పు, కూరలు బహు స్వల్పము. అంటే పోటీ గోధుమకు, వరికి మధ్య జరుగలేదు. పాలు గల ఇంటికి, పాలు లేని ఇంటికి మధ్య జరిగినది. మెకారిసన్ ఈ సంగతి ఎరుగనివారు కారు. తవుడు పోయిన బియ్యము వలన వచ్చు బెరిబెరి వ్యాధిని విచారించుటకే గదా 1918లో కూనూరులో ఆ పరిశోధన మొదలైనది. ఎలుకలు చెప్పినది ఒకటి, పాఠము చెప్పువారు విన్నది మరొకటి.

ఇంకొక లోపము కలదు. అది ప్రయోగములోనిది కాదు, దానిని ఊళ్లకు అన్వయించుటలోనిది. బోనులన్నిటికి ఒకే గాలి, ఒకే నీరు, ఒకే శుభ్రత. శాస్త్రీయ పరీక్షలో అట్లే ఉండవలెను. మారునది ఒక్కటే అయిననే ఫలితమును నమ్మవచ్చును. కాని ఊరు మారినపుడు తిండి ఒక్కటే మారదు. బావి మారును, నేల మారును, వండు పద్ధతి మారును.

వండు పద్ధతికి నిదర్శనముగా మెక్సికోను, దాని ఉత్తరపు పొరుగైన అమెరికా సంయుక్త రాష్ట్రములను చూడవచ్చును. ఇరువైపుల పేదవారి ముఖ్యాహారము మొక్కజొన్నయే. ఇరువదవ శతాబ్దపు మొదటి దశాబ్దములలో సంయుక్త రాష్ట్రముల దక్షిణ భాగములో పెల్లాగ్రా వ్యాధి వేలకొలది ప్రాణములను తీసినది. ఎండ తగిలిన చోట చర్మము నల్లబడి పగులుట, విరేచనములు, మతి చలించుట దాని లక్షణములు. మెక్సికోలో మాత్రము అది అరుదు. 1914లో ఈ పనికి నియుక్తుడైన డాక్టరు జోసెఫ్ గోల్డుబర్గరు ఇది అంటువ్యాధి కాదని, ఆహారలోపమని నిరూపించినారు. 1937లో ఎల్వెహ్యెమ్ నికోటినిక్ ఆమ్లమును గుర్తించిన తరువాత పొరుగువారి భేదము అర్థమైనది. మెక్సికో స్త్రీలు తరతరాలుగా మొక్కజొన్నను సున్నపు నీటిలో ఉడికించి రొట్టెలు చేయుదురు. గింజలో బంధింపబడి శరీరమునకు అందని నికోటినిక్ ఆమ్లము ఆ సున్నము వలన విడివడును. గింజ సముద్రము దాటి ఇతర దేశములకు పోయినది గాని, దానితో సున్నపుకుండ పోలేదు!

ఇక తెలంగాణపు మెట్టప్రాంతము. భువనగిరి, నల్లగొండ, మహబూబునగరము వైపు పేదవాని కంచములో వెనుకటి రోజులలో గోధుమరొట్టె లేదు. వరియన్నము పండుగనాటి మాట. జొన్నరొట్టె, గటక, అంబలి, వాటితో కాస్త పచ్చిపులుసు. కూనూరునుండి 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాలవారికి (1969నుండి జాతీయ పోషకాహార సంస్థ) ఇక్కడి జొన్న తినువారిలో పెల్లాగ్రా కనిపించినది. జొన్నలో ల్యూసిన్ అను ఆమినో ఆమ్లము ఎక్కువ ఉండుటచే నికోటినిక్ ఆమ్లపు వ్యవహారము చెడుచున్నదని 1960లో గోపాలన్, శ్రీకంఠయ్యలు ప్రతిపాదించినారు. ఈ సిద్ధాంతము అందరి ఆమోదము పొందలేదు. జంతువులపై ప్రయోగములు ఒక్క తీరుగా ఫలితమీయలేదు. కాని జొన్నపై మొదటి నేరారోపణ అట్లు నమోదైనది. రొట్టెకు తోడుగా పాలో, పప్పో, మాంసమో తగినంత ఉన్న ఇంటికి ఆ జబ్బు రాదన్న విషయము ఆరోపణ పత్రములో చిన్న అక్షరములలో ఉండిపోయినది.

రెండవ నేరము ఇంకను పెద్దది. భువనగిరి కోట ఏకశిలపై ఉన్నదని పిల్లలకు తెలియును. ఆ శిల గ్రానైటు. ఆ జాతి రాతియే ఈ ప్రాంతపు బావులకు అడుగు. రాతిలోని ఫ్లోరిను గల ఖనిజములు, సున్నము తక్కువై క్షారగుణము ఎక్కువైన నీటిలో క్రమముగా కరగును. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయము. నల్లగొండ ప్రాంతపు ఎన్నో బావులలో దానికి కొన్నిరెట్లు ఉండెడిది. పిల్లల పండ్లపై గోధుమరంగు చారలు, నడివయసుకే వంగని వెన్నెముక, తిరుగని మెడ. నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్‌ను గూర్చి సిద్దిఖీ వ్రాసిన వ్యాసము 1955లో బ్రిటిషు వైద్యపత్రికలో వెలువడినది.

1973లో కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి మరొక వికారమును వర్ణించినారు. ఎదుగు వయసులోని పిల్లలకు మోకాళ్లు ఒకదానినొకటి తాకి, పాదములు ఎడముగా పోవుచుండెను. నీరు ఒక్కటే కారణమైనచో ఇది వెనుకటినుండి ఉండవలెను గదా! పరిశోధకుల దృష్టి తిరిగి జొన్నపై పడినది. బియ్యము తిన్నప్పటికంటె జొన్న తిన్నప్పుడు శరీరములో ఫ్లోరైడు ఎక్కువ నిలుచునని 1977లో తేల్చినారు. జొన్నలోని మాలిబ్డినము శరీరములోని రాగిని మూత్రము గుండా పోగొట్టుననియు చెప్పినారు. కాని ఆ మాలిబ్డినము ఎక్కడిది? నాగార్జునసాగరు జలాశయము నిండిన తరువాత చుట్టుపక్కల నేలలో నీటిమట్టము పెరిగి, మట్టికి క్షారగుణము హెచ్చి, పైరు మాలిబ్డినమును ఎక్కువగా పీల్చుచున్నదని వారి వివరణము. అనగా తాత తిన్న జొన్న, మనుమడు తిన్న జొన్న పేరుకు ఒకటే; గింజలో ఉన్నది ఒకటి కాదు. ముద్దాయి బోనులో నిలబడినది జొన్న, వెనుక నిలిచినవి నేల, నీరు, ఆనకట్ట.

మెకారిసన్ పట్టికలో మొదటి స్థానము పొందిన పంజాబు సంగతి ఇక్కడ జ్ఞాపకము చేసికొనవలెను. భటిండా, సంగ్రూరు జిల్లాలలో ఫ్లోరోసిస్‌తో ఎముకలు బిగుసుకొనిపోయిన రోగులను 1960లలో పటియాలా వైద్యులు పరీక్షించి వివరించినారు. వారు గోధుమ తినువారే. పాలు త్రాగువారికి కాల్షియము వలన కొంత రక్షణ ఉండుట నిజమే గాని, బావి విషమించినచోట ఏ రొట్టె అయినను పూర్తిగా కాపాడలేదు. కూనూరు నీటితో పెరిగిన ఎలుకలకు ఈ సంగతి తెలిసే మార్గము లేదు.

పటిక, సున్నము కలిపి ఫ్లోరైడును అడుగునకు దింపు పద్ధతిని 1970లలో నాగపూరు పరిశోధకులు రూపొందించి దానికి నల్లగొండ పేరే పెట్టినారు. వ్యాధి పేరుతో ప్రసిద్ధికెక్కిన జిల్లాకు చికిత్స పేరుతోను కొంత ప్రసిద్ధి దక్కినది. ఆ పిదప నదీజలములు వచ్చినవి. మిషన్ భగీరథ పైలానును 2015లో నెలకొల్పినది ఫ్లోరైడు పీడించిన చౌటుప్పల్‌లోనే. ఆ ఊరు 2016నుండి భువనగిరి జిల్లాలోనిది.

నీరు మారుటకు చాల ముందే కంచము మారినది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చిన పిమ్మట గటక కుండ క్రమముగా అటకెక్కినది. నేడు భువనగిరినుండి హైదరాబాదు పోవువారు, చక్కెరవ్యాధికి మంచిదని వైద్యులు చెప్పగా, సాయంత్రము రోడ్డు ప్రక్క పొయ్యి మీద కాల్చిన జొన్నరొట్టెలను వెల ఇచ్చి కొనుచున్నారు.