చుట్ల లెక్క

ముసురు పట్టిందంటే కోరాపుట్ కొండల్లో అప్పడాలు మెత్తబడతాయి, అగ్గిపుల్ల ఒకంతట వెలగదు. అటక మీది పాత వాల్వు రేడియోలోకీ అదే చెమ్మ దిగుతుంది. వెంట్రుకంత సన్నని రాగి తీగకు పచ్చగా చిలుము పట్టి, ఒకనాడు తీగ తెగుతుంది. ఇంట్లోవాళ్లు "ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది" అంటారు. చాలాసార్లు అది కాలదు. తడీ, డీసీ వోల్టేజీ కలిసి తీగను కొరుక్కు తింటాయి. స్పీకరుకు ముందుండే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఈ రోగం మరీ ఎక్కువ.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడేదాకా కోరాపుట్, రాయగడ ప్రాంతాలు విశాఖపట్నం జిల్లాలోవే. సరిహద్దు గీశాక కూడా ఇక్కడి ఎన్నో ఇళ్లలో తెలుగు నిలిచింది. ఆకాశవాణి కేంద్రాలు 1948లో విజయవాడలో, 1963లో విశాఖలో, 1964లో ఇక్కడి జయపురంలోనే మొదలయ్యాయి. కరెంటు లేని ఊళ్లలో బ్యాటరీ సెట్లు పాడేవి. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం మొదలయ్యాక, స్తంభాలు చేరిన ఊళ్లకు మెర్ఫీ, ఫిలిప్స్, బుష్ మెయిన్స్ సెట్లు వచ్చాయి. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాక, కరెంటును వాల్వులకు తగినట్టు మార్చే పవర్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఉండేది ఇలాంటి సెట్లలోనే.

గాజులో శూన్యం బంధించిన వాల్వును మన ఊళ్లో ఎవరూ తయారు చేయలేరు. ట్రాన్స్‌ఫార్మర్‌ను మాత్రం మళ్లీ పుట్టించవచ్చు. పొలం మోటార్లు చుట్టే వైండింగ్ షాపు చేయి చాలు. అందుకే దాన్ని పారేసి ఏదో ఒకటి బిగించడం నాకు మనసొప్పని పని.

అసలు విద్య చుట్టడంలో లేదు, విప్పడంలో ఉంది. తొందరపడి హాక్సా బ్లేడుతో కాయిల్ కోసేస్తే, మొదట చుట్టినవాడి లెక్కంతా పోతుంది. ముందు వార్నిష్ పట్టిన కోర్ రేకులను (స్టాంపింగులను) కొద్దిగా వేడిచేసి, సన్నని కత్తి అంచుతో మొదటి రేకును కదపాలి. ఆ ఒక్కటే మొండిది, తక్కినవి దాని వెంట వస్తాయి. సుత్తితో బాది వంచిన రేకు మళ్లీ సరిగ్గా కూర్చోదు. తరవాత ఒక్కో చుట్టూ లెక్కపెడుతూ, పొరకు ఎన్నో, తీగ ఏ గేజో, ఏ కొస ఎటు వచ్చిందో నోటుబుక్కులో రాసుకోవాలి.

లోపల బొగ్గయిపోయినా దారి మూసుకుపోదు. వాల్వుల ఫిలమెంటుకు కరెంటిచ్చే 6.3 వోల్టుల చుట్టు లావు తీగతో సాధారణంగా పైనే ఉంటుంది. అందులో 30 చుట్లున్నాయనుకోండి. లోడు మీద తగ్గే వోల్టేజీకి కలిపిన అయిదు శాతం తీసేస్తే వోల్టుకు సుమారు నాలుగున్నర చుట్లు. అంటే మెయిన్స్ కరెంటు అందుకునే 230 వోల్టుల ప్రైమరీకి దాదాపు 1,040. ఇది సరో కాదో కోర్ చెబుతుంది: నడిమి కాలు వెడల్పును రేకుల దొంతర ఎత్తుతో హెచ్చించి, 45ను ఆ చదరపు సెంటీమీటర్లతో భాగించాలి. పది చదరపు సెంటీమీటర్లయితే మళ్లీ నాలుగున్నరే. రెండు లెక్కలూ ఒకచోట కలిసినప్పుడు, ఎన్నో ఏళ్ల కిందట ఎక్కడో కూర్చుని చుట్టిన మనిషి చేయి తెలిసిపోతుంది.

చుట్టేటప్పుడు పొరపొరకూ క్రాఫ్ట్ కాగితం వేయాలి. అంచుల్లో రెండు మూడు మిల్లీమీటర్లు ఖాళీ వదలాలి, లేకుంటే తీగ కింది పొరలోకి జారి షార్టవుతుంది. ప్రైమరీకీ, వాల్వులకు ఎక్కువ వోల్టేజీ ఇచ్చే హైటెన్షన్ చుట్టుకూ మధ్య రాగి రేకు తెర ఉంటే దాని రెండు కొసలూ తాకకూడదు. తాకితే అదే ఒక షార్టయిన చుట్టయి వేడెక్కుతుంది. నడుమ కొస తీసిన 250-0-250 హైటెన్షన్ సెకండరీలో రెండు సగాలకూ చుట్లు సమానం. ఓమ్స్ మాత్రం పైసగానికి కాస్త ఎక్కువే చూపిస్తాయి, పైకి పోయేకొద్దీ చుట్టు పొడవవుతుంది కనుక. అది చూసి కంగారుపడి చుట్లు తీసేయకూడదు.

మన వానల్లో వార్నిష్‌కు ముందు కాయిల్‌ను వెచ్చగా ఆరబెట్టడం తప్పనిసరి. చెమ్మ లోపలుండగా వార్నిష్ పూస్తే రోగాన్ని లోపలే పెట్టి తలుపు మూసినట్టు. ఆరాక ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచి, వార్చి, మళ్లీ వేడిలో గట్టిపరచాలి.

రేకులు పేర్చడంలో ఒక తేడా ఉంది. పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఈ-ఆకారపు రేకులు ఒకటి ఇటు, ఒకటి అటు సందు లేకుండా దూర్చాలి. ఒకే అవుట్‌పుట్ వాల్వున్న సెట్టులో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కు అన్నీ ఒకే వైపు పేర్చి, మూతగా వచ్చే ఐ-ఆకారపు రేకులకు ముందు పలచని కాగితం పెట్టాలి. అందులో డీసీ ఎప్పుడూ పారుతుంది. ఆ సందు లేకపోతే కోర్ నిండిపోయి, మృదంగం దెబ్బ గుల్లగా వినిపిస్తుంది.

పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌ను వాల్వులు తీసేసి, 60 వాట్ల బల్బు సిరీస్‌లో పెట్టి పరీక్షించాలి. బల్బు భగ్గుమంటే లోపల షార్టు. మినుకుమంటే ఊపిరి పీల్చుకోవచ్చు. పాతది నిజంగానే కాలి ఉంటే, దాన్ని కాల్చిన ఫిల్టరు కండెన్సరును మార్చకుండా కొత్తది కలపకూడదు.

చివరిగా చుట్లు, గేజి, తేదీ ఒక కాగితం మీద రాసి రేడియో వెనక అట్టకు లోపలి వైపు అంటించాలి. మళ్లీ ఎప్పుడో దీన్ని విప్పేవాడు రేకులకన్నా ముందు ఆ చీటీని చూస్తాడు.