ఎండ కరెంటు, గాలిలో రొద

సౌర విద్యుత్తు గురించి తెలుగులో నేను చదివినవన్నీ దాదాపు మూడు సంగతుల చుట్టూ తిరిగాయి: ఎన్ని కిలోవాట్లు పెట్టాలి, సబ్సిడీ ఎంత వస్తుంది, పెట్టిన డబ్బు ఎన్నేళ్లకు తిరిగొస్తుంది. ఇవి అడగవలసిన ప్రశ్నలే. మేడమీద ప్యానెళ్లు బిగించిన మర్నాటి నుంచి పక్కింటి రేడియో ఎందుకు గరగరమంటోందని అడిగిన తెలుగు పుస్తకం మాత్రం నా చేతికి రావడం ఇదే మొదలు. రచయిత్రి కొంతకాలం నా దగ్గర పరీక్షల లేబులో పనిచేసిన ఇంజినీరు. ఆ చనువుతోనే ఈ నాలుగు మాటలు రాయమని అడిగింది. ఒప్పుకున్నది చనువు కొద్దీ అయినా, రాతప్రతి చదవడం పూర్తయ్యాక ఇది నా బాధ్యత అనిపించింది.

రొద ప్యానెల్లో పుట్టదు. ఎండ పడినంతసేపూ ప్యానెల్ నిలకడగా డీసీ కరెంటు ఇస్తుంది. ఆ డీసీని ఇంటికి పనికొచ్చే ఏసీగా మార్చే ఇన్వర్టరు, బ్యాటరీలోకి తగినంతే పంపే చార్జ్ కంట్రోలరు, బోరు మోటారు వేగాన్ని ఎండనుబట్టి పెంచి తగ్గించే డ్రైవు, ఈ పెట్టెల్లో పుడుతుంది. వాటిలోని ట్రాన్సిస్టర్లు కరెంటును సెకనుకు వేలసార్లు ఆపుతూ వదులుతూ ఉంటాయి. నిండుగా పారుతున్న కుళాయిని ఠక్కున కట్టేస్తే గోడలోని గొట్టమంతా దడదడలాడుతుంది కదా, ఇక్కడ తీగలు అలా అదురుతాయి. ఎంత ఠక్కున కడితే అంత అదురు. కొత్తగా వస్తున్న సిలికాన్ కార్బైడ్ ట్రాన్సిస్టర్లు పాతవాటికంటే చాలా వేగంగా తెరిచి మూస్తాయి. దానివల్ల వేడి రూపంలో వృథా అయ్యే కరెంటు తగ్గుతుంది, రొద మాత్రం పై ఫ్రీక్వెన్సీలకు పాకుతుంది. సామర్థ్యాన్ని పెంచే గుణమే రేడియోకు చేటు తెస్తోందన్న ఈ చిక్కును మొదటి అధ్యాయంలోనే దాపరికం లేకుండా చెప్పింది.

ఆ వెంటనే పాఠకుడి చేతికి పెన్సిలిచ్చి లెక్క వేయిస్తుంది. ఒక ఇన్వర్టరు 20 కిలోహెర్ట్జ్ వేగంతో స్విచ్ అవుతోందనుకుందాం. దాని గుణిజాలు 40, 60, 80 అంటూ పైకి పోతూనే ఉంటాయి. 42వది 840. విజయవాడ ఆకాశవాణి మీడియం వేవ్ కేంద్రం ఉండేది 837 మీద. రెండింటి మధ్య తేడా 3 కిలోహెర్ట్జ్, అంటే చెవికి బాగా పట్టే ధ్వని. వార్తల వెనక సన్నని ఈల మొదలవుతుంది. హైదరాబాదు కేంద్రం 738 పక్కకు 740 వచ్చి చేరుతుంది, అక్కడ ఈల కాస్త బొంగురుగా ఉంటుంది. మబ్బు పట్టి ఇన్వర్టరు తన పనితీరు మార్చుకుంటే రొదా మారుతుంది, పొద్దుగూకితే పోతుంది. రేడియో చెడిపోయిందనుకుని రిపేరు షాపుకు పట్టుకెళ్తే అక్కడ శుభ్రంగా పలుకుతుంది, ఇంటికి తేగానే మళ్లీ గరగర. ఈ తికమకకు కారణం ఒక చిన్న గుణకారంలో దొరుకుతుందని తెలిసినప్పుడు కలిగే సంతోషం ఈ పుస్తకం చాలామందికి ఇస్తుంది.

పుస్తకానికి ఆయువుపట్టు మూడో అధ్యాయం. ఉద్యోగంలో ఉన్నంతకాలం వచ్చిన ప్రతి తయారీదారుకూ నేను చెప్పాలని చూసిన సంగతి అది: పెట్టెను దాని తీగలతో కలిపి పరీక్షించాలి. ప్లస్ తీగలో వెళ్లిన కరెంటు మైనస్ తీగలో తిరిగొస్తే, పక్కపక్కనే ఉన్న ఆ రెంటి ప్రభావమూ చాలావరకు చెల్లుకుపోతుంది. కానీ కొంత రొద రెండు తీగల్లోనూ ఒకే దిక్కుకు పోతుంది. ప్యానెల్లోని సెల్స్‌కూ అల్యూమినియం ఫ్రేముకూ భూమికీ మధ్య ఉండే కెపాసిటెన్స్ గుండా నేలలోకి దిగి, ఎర్తు మీదుగా మళ్లీ ఇన్వర్టరుకు చేరుతుంది. దీన్నే కామన్ మోడ్ కరెంటు అంటారు. వానకు ప్యానెళ్లు తడిస్తే ఆ కెపాసిటెన్స్ ఇంకా పెరుగుతుంది. ఇక పొడవు సంగతి. మేడ మీది నుంచి కింది గదిలోని ఇన్వర్టరు దాకా వచ్చే తీగ పది పదకొండు మీటర్లుంటే, అది 7 మెగాహెర్ట్జ్ తరంగం పొడవులో సుమారు పావు వంతు. హామ్ (అమెచ్యూర్) రేడియోవాళ్లు యాంటెన్నా కోసం కొలిచి కత్తిరించుకునే పొడవు అదే. మనకు తెలియకుండానే ఇంటిమీద ఒక యాంటెన్నా కట్టి, దానికి రొదను అందిస్తున్నాం.

ఇక్కడ రచయిత్రి బొమ్మలు గీసి చూపిన తీరు నాకు ఎంతో నచ్చింది. ప్లస్ తీగను ఒక గోడ వెంబడి, మైనస్ తీగను ఇంకో గోడ వెంబడి దించిన ఇల్లు ఒక పక్క. రెంటినీ జంటగా ఒకే పైపులో దించిన ఇల్లు మరో పక్క. రెండో ఇంటికి పైసా అదనపు ఖర్చు లేదు. రొదను అణిచే ఫెరైట్ కోరు ఎక్కడ తొడగాలి, తీగను అందులోంచి ఎన్ని చుట్లు తిప్పాలి, కామన్ మోడ్ చోకు పెట్టెలోపల ఉంటే ఎందుకు మేలు, ఇవన్నీ ఆ తరవాతి మాటలు. ముందు తీగ దారి సరిచేసుకోమంటుంది. ప్యానెళ్లు బిగించే కుర్రాళ్లంతా ఈ ఒక్క పేజీని జేబులో పెట్టుకున్నా చాలు.

ప్రమాణాల అధ్యాయం సహజంగానే కాస్త బరువు. అయినా సిస్పర్ అనే అంతర్జాతీయ సంఘం 1934లో రేడియో శ్రోతల ఇబ్బందిని దృష్టిలో పెట్టుకునే పుట్టిందని గుర్తుచేసి, ఆ అంకెల వెనక మనుషులున్నారని చూపించింది. కొలతలో వాడే క్వాసీ పీక్ డిటెక్టరు కూడా వినేవాడి విసుగును లెక్కగట్టే సాధనమే. అరుదుగా వచ్చే టక్కును తక్కువగా, వెంటవెంటనే వచ్చే టకటకలను ఎక్కువగా లెక్కిస్తుంది. తీగల్లోని రొదను 150 కిలోహెర్ట్జ్ నుంచి 30 మెగాహెర్ట్జ్ వరకు, గాలిలోకి వచ్చేదాన్ని 30 నుంచి 1000 మెగాహెర్ట్జ్ వరకు కొలుస్తారు. ఇళ్లలో వాడే పరికరానికి 10 మీటర్ల దూరంలో, 230 మెగాహెర్ట్జ్ దాకా, హద్దు మీటరుకు సుమారు 32 మైక్రోవోల్టులు. అంత సున్నితమైన కొలత ఇది. ఇన్వర్టర్లకు వర్తించే సిస్పర్ 11లో ప్యానెళ్ల వైపు డీసీ తీగలకు హద్దులు చేరింది 2015 నాటి ఆరో కూర్పులో. అంతకుముందు ఏసీ వైపు శుభ్రంగా ఉంటే, మేడమీదికి పోయే తీగ సంగతి ఆ ప్రమాణం అడగలేదు. అప్పుడు బిగించినవి ఇంకా ఎన్నో ఇళ్లమీద పనిచేస్తున్నాయి.

పరీక్ష గదిలో ఎండ ఉండదు. రేడియో తరంగాలను మింగేసే నురుగు శంకువులు గోడలనిండా అతికించిన ఆ మూసిన గదిలో సోలార్ పరికరాన్ని ఎలా నడపాలి? ప్యానెల్‌లా నటించే విద్యుత్ సప్లై వాడతారు. చిక్కేమిటంటే ఆ సప్లై కూడా స్విచ్ అయ్యే యంత్రమే, దానికీ సొంత రొద ఉంటుంది. కాబట్టి దాన్ని గది బయట పెట్టి, ఫిల్టర్ల గుండా కరెంటు లోపలికి తెచ్చి, అసలు పరికరం ఆపి ఉండగా గది ఎంత నిశ్శబ్దంగా ఉందో ముందు కొలవాలి. తరవాత ఒక్క మధ్యాహ్నపు ఎండకే పరీక్షించి ఊరుకోకూడదని పట్టుబడుతుంది ఈ అమ్మాయి. తెల్లవారి నీరెండలో కొన్ని ఇన్వర్టర్లు ఆగి ఆగి పనిచేస్తాయి. నిండు ఎండలో లేని రొద అప్పుడు వినిపించవచ్చు. చార్జ్ కంట్రోలరు బ్యాటరీ ఖాళీగా ఉన్నప్పుడు ఒకలా, నిండబోతున్నప్పుడు ఇంకోలా ప్రవర్తిస్తుంది. సోలార్ లాంతరు పగలు చార్జింగులో ఒక పరికరం, రాత్రి వెలిగేటప్పుడు మరో పరికరం. పరికరం బతికే రోజంతటినీ పరీక్షలోకి తీసుకురావాలన్న పట్టుదల ఈ అధ్యాయంలో ప్రతి పేరాలోనూ కనిపిస్తుంది. లేబు ఫీజు గంటల లెక్కన కట్టే చిన్న తయారీదారుకు ఇది కష్టమని ఆమెకు తెలుసు. అందుకే లేబుకు రాకముందు తమ షెడ్డులోనే చేసుకోదగ్గ పరీక్షలకు విడిగా ఒక అధ్యాయం కేటాయించింది. చవకరకం స్పెక్ట్రమ్ ఎనలైజరు, ఇంట్లో చుట్టుకున్న చిన్న లూపు, తీగ చుట్టూ బిగించే కరెంటు ప్రోబు ఉంటే పెద్ద తప్పులు చాలావరకు ముందే బయటపడతాయి.

పొలాల అధ్యాయం చదువుతున్నప్పుడు నేను పుస్తకం పక్కన పెట్టలేకపోయాను. చిత్తూరు వైపు అడవి అంచున ఏనుగుల కోసం, అడవిపందుల కోసం సోలార్ కంచెలు కడతారు. కంచెలోకి సుమారు సెకనుకొక విద్యుత్ దెబ్బ పోతుంది. పక్కన మీడియం వేవ్ రేడియో పెడితే టక్, టక్ మంటుంది. గడ్డి తగిలినచోట, పింగాణీ పగిలినచోట నిప్పురవ్వ ఎగిరి ఆ టక్కు మరీ పెద్దదవుతుంది. చేతిలో ఇమిడే రేడియోను స్టేషను లేనిచోట పెట్టి, కంచె వెంబడి నడుస్తూ, చప్పుడు ఎక్కడ ఎక్కువైతే అక్కడ వెతకమంటుంది. రొద పోవడంతోపాటు కంచె బలమూ తిరిగొస్తుంది, ఎందుకంటే రవ్వ రూపంలో కారిపోతున్నది ఏనుగును ఆపవలసిన దెబ్బే. 2019లో మొదలైన పీఎం కుసుమ్ పథకంతో విస్తరిస్తున్న సోలార్ పంపుసెట్లకూ ఇదే తరహా చేతి పరీక్షలు రాసింది.

ఎవరికోసం ఇంత శ్రమ అని అడిగేవాళ్లుంటారు, ఈ రోజుల్లో రేడియో వినేదెవరని. వినేవాళ్లున్నారు. తిరుపతికి దగ్గర్లో గాదంకి ఉంది. అక్కడి ఎంఎస్‌టీ రాడారు 1,024 యాగీ యాంటెన్నాలతో 53 మెగాహెర్ట్జ్ మీద ఆకాశంలోకి సంకేతం పంపి, పై గాలుల నుంచి తిరిగొచ్చే అతి బలహీనమైన ప్రతిధ్వనిని ఏరుకుంటుంది. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు అండమాన్‌లో ఫోన్లు మూగబోతే, హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున అప్పటికే పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్న భారతీ ప్రసాద్ బృందం హామ్ రేడియోతో కబురు అందించింది. అంత దూరం నుంచి వచ్చే సన్నని గొంతు, వినేచోట రొద లేకపోతేనే అందుతుంది. ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం 2024లో కోటి ఇళ్లను లక్ష్యంగా పెట్టుకుంది. కోటి మేడలమీద ప్యానెళ్లు రావాలని మనసారా కోరుకునేవాణ్ని నేను. ఆ కోటి ఇళ్ల గాలి కూడా శుభ్రంగా ఉండాలని అంతే గట్టిగా కోరుకుంటాను.

ఒక విషయంలో రచయిత్రితో నాకు పేచీ ఉంది. తప్పంతా చవక పోటీదని, ఫిల్టరు తీసేసి రూపాయి మిగుల్చుకునే తయారీదారుదని ఆమె కోపం. ఆ కోపం న్యాయమే. కానీ కొనేవాళ్లు అడగనిది అమ్మేవాళ్లు ఎందుకిస్తారు? 2017 నాటి తప్పనిసరి రిజిస్ట్రేషన్ ఉత్తర్వులో ఇన్వర్టర్లకు చెప్పిన ఐఎస్ 16221, ఐఎస్ 16169 ప్రమాణాలు భద్రత గురించి, ఐలాండింగ్ (గ్రిడ్ కరెంటు పోయినా ఇన్వర్టరు లైనులోకి కరెంటు పంపుతూ ఉండటం) నివారణ గురించి. ముద్ర ఉంది కదా అని రొద పరీక్ష కూడా అయిపోయినట్టే అనుకుంటున్నారు జనం. రొద పరీక్ష నివేదికను వేరుగా అడగాలి, అందులో డీసీ వైపు కొలతలున్నాయో లేదో చూడాలి. బడికో ఆసుపత్రికో ప్యానెళ్లు పెట్టించేవాళ్లు టెండరులో ఆ నివేదికను అడిగే ఒక్క వాక్యం చేర్చేలా నమూనా రాసిస్తే బాగుండేది. అలాగే బయటి పిడుగుపాటు పోటును, స్టాటిక్ దెబ్బను పరికరం ఎంతవరకు తట్టుకుంటుందన్న పరీక్షలకు ఇచ్చిన చోటు చాలలేదు. పిడుగులు ఎక్కువగా పడే మన నేలమీద దానికి సగం పుస్తకం ఇవ్వవచ్చు.

ఆమె తెలుగు హాయిగా ఉంది. చోకును చోకే అంది, ఎర్తును ఎర్తే అంది. ఐటీఐ కుర్రవాడికీ పాలిటెక్నిక్ అమ్మాయికీ నిఘంటువు అక్కర్లేదు. పాలిటెక్నిక్ ప్రిన్సిపాళ్లకు నాదొక విన్నపం: ఈ పుస్తకం లైబ్రరీ బీరువాలో కాకుండా వర్క్‌షాపు బల్లమీద ఉంచండి, పక్కనే ఒక మీడియం వేవ్ రేడియో, నాలుగు ఫెరైట్ కోర్లు పెట్టండి. ఏడాదికొకసారి పిల్లల్ని చెన్నైలోని సమీర్ కేంద్రానికో, హైదరాబాదులోని ఈటీడీసీకో తీసుకెళ్లి నిజమైన పరీక్ష చూపించండి. ఇక రచయిత్రికి: రెండో ముద్రణకు పిడుగుల అధ్యాయం, టెండరు నమూనా సిద్ధం చెయ్యమ్మా. లేబు రోజుల నాటి పాత నోటు పుస్తకాలు నా దగ్గర భద్రంగా ఉన్నాయి, వచ్చి తీసుకెళ్లు.