ఉరుమి మోగితే ఎదురొచ్చే ఎద్దు

ధనుర్మాసం రాగానే తమిళనాడులోని ఉడుమలైపేట చుట్టుపక్కల ఊళ్లలో రాత్రిళ్లు ఉరుమి అనే వాద్యం మోగడం మొదలవుతుంది. ఊరి మధ్య ఖాళీ జాగాలో జనం రెండు వైపులా నిలబడతారు. నడుమ ఒక ఎద్దు. దానికి ఎదురుగా రెండు పొడవాటి వెదురుకర్రలు పట్టుకున్న మనిషి. దరువుకు తగ్గట్టు అడుగులు వేస్తూ అతను వెనక్కి వెళ్తుంటే, ఎద్దు తల వంచుకుని మీదికి వస్తుంటుంది. దీనికి అక్కడ సలగెరుదు ఆట అని పేరు. సంక్రాంతి దాకా సాగే ఈ సాధనంతా సోమవారపట్టి ఆల్‌కొండమాల్ గుడి పండుగ కోసం.

ఈ ఎడ్లను సాకి ఆడించేవాళ్లలో కంబళత్తు నాయక్కర్లు ముఖ్యులు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తొమ్మిది కంబళాలుగా, అంటే వర్గాలుగా, చెప్పుకునే ఈ పశుపాలకుల సంతతి కోయంబత్తూరు, మదురై, దిండుక్కల్, తేని, తూత్తుకుడి ప్రాంతాల్లో వందల ఏళ్లుగా స్థిరపడి ఉంది. మదురై నాయకులు ఏర్పరచిన 72 పాళెయాల్లో (చిన్న సంస్థానాల్లో) కొన్ని వీళ్లవే. 1799లో కయత్తారులో ఆంగ్లేయులు ఉరితీసిన వీరపాండ్య కట్టబొమ్మన వీళ్లవాడే. కొలిచే దేవత జక్కమ్మ. ఉడుమలైపేట 2009లో తిరుప్పూరు జిల్లాలోకి వెళ్లింది గానీ అంతవరకూ కోయంబత్తూరు జిల్లాలోదే.

సంక్రాంతి రోజు పుట్టిన దూడను ఆల్‌కొండమాల్‌కు మొక్కుకునే ఆచారం ఉంది. అలా దేవుడికి వదిలిన కోడెను నాగలికి కట్టరు, బండికి పూన్చరు. పండుగనాడు రైతులు గుడికి పాలు తెచ్చి అభిషేకానికి ఇస్తారు, మట్టితో చేసిన ఆవుల, ఎడ్ల బొమ్మలు సమర్పిస్తారు. పాడి చల్లగా ఉండాలన్నదే కోరిక.

ఇక ఆట సంగతి. మన గంగిరెద్దు చెప్పినట్టు తల ఊపుతుంది, దణ్ణం పెడుతుంది, యజమాని మాట వింటుంది. సలగెరుదు అలా కాదు, మనిషి మీదికే వస్తుంది. అది రావాలి, కానీ తగలకూడదు. కర్రలు కొట్టడానికి కాదు, దాని ముఖానికీ తన ఒంటికీ మధ్య జాగా నిలుపుకోవడానికి. వెనక్కి వేసే ప్రతి అడుగూ ఉరుమి దరువు మీదే పడాలి. దరువు తప్పితే కాలు తడబడుతుంది, తడబడినవాడు కొమ్ములకు దొరుకుతాడు. అందుకే ఉరుమి వాయించేవాడు ఇక్కడ పక్కవాద్యగాడు కాడు, ఆటలో సగం అతనే. ఒక ముఖం మీద వంగిన పుల్లను రాపిడి చేసి గుర్రుమనిపిస్తూ, రెండో ముఖాన్ని సన్నటి పుల్లతో కొడతాడు. ఎద్దూ మనిషీ ఆ మోత వింటూనే కదులుతారు.

ఈ అడుగు ఒక్క నెలలో వచ్చేది కాదు. కంబళత్తు నాయక్కర్ల మగపిల్లలు చిన్నప్పటినుంచీ దేవరాట్టం ఆడతారు. పాట ఉండదు, దరువొక్కటే. చేతిలో గుడ్డ పట్టుకుని వరసగా నిలబడి ముందుకూ వెనక్కూ, వంగుతూ లేస్తూ ఆడే ఆ ఆటే ఎద్దు ముందు నిలబడే కాలికి బడి అని నా నమ్మకం.

వీళ్లదే ఇంకో పండుగ కరూరు, తిరుచ్చి, దిండుక్కల్ వైపు జరుగుతుంది. దేవుడి ఎడ్లను దూరం నుంచి తరుముకొస్తారు, గీతగా పరిచిన గుడ్డను ముందు దాటిన ఎద్దు గెలిచినట్టు. బహుమతి చిటికెడు పసుపు, ఒక నిమ్మపండు. ఆ నిమ్మపండు కోసం ఊళ్లకు ఊళ్లు ఏడాదంతా ఎద్దును మేపుతాయి!

మదురై పక్కన అవనియాపురం, పాలమేడు, అలంగానల్లూరు జల్లికట్టు సంగతి వేరు. అది ఏ ఒక్క కులానిదీ కాదు, ఆ సీమ మొత్తానిది. మొదట గుడి ఎద్దును వదులుతారు, దాన్ని ఎవరూ ముట్టుకోరు. ఆ తర్వాత వాడివాసల్ అనే ఇరుకైన ద్వారం నుంచి ఒక్కో ఎద్దూ దూసుకొస్తుంది. పట్టేవాడు పక్కనుంచి దూకి రెండు చేతులా మూపురాన్ని వాటేసుకోవాలి. కొమ్ములు, తోక, కాళ్లు పట్టకూడదు. 15 మీటర్లో, 30 సెకన్లో, ఎద్దు 3 గెంతులో గడిచేదాకా వదలకుండా ఉంటే గెలుపు. చంద్రగిరి దగ్గర రంగంపేట పశువుల పండుగలో ఎడ్ల కొమ్ములకు కట్టిన పలకలను లాక్కునే మన కుర్రాళ్లకు ఈ ధైర్యం కొత్త కాదు. 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టును నిషేధించింది. 2017లో చెన్నై మెరీనా తీరంలో జల్లికట్టు కోసం జరిగిన ఉద్యమం తర్వాత తమిళనాడు చట్టం మార్చింది. ఆ చట్టం చెల్లుతుందని 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. మనుషులూ పశువులూ ప్రాణాలు పోగొట్టుకుంటున్న మాట నిజం, దాన్ని దాచి ఈ ఆటను పొగడటం నాకిష్టం లేదు. నియమాలు పాటించని చోట దాన్ని ఆపాల్సిందే.

కొన్ని క్షణాల పని కోసం జీవితమంతా సాధన చేసేవాళ్లు ప్రపంచంలో మరోచోటా ఉన్నారు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో స్పెషల్ టీమ్స్ అని ఒక విభాగం ఉంటుంది. బంతిని అవతలి జట్టుకు దూరంగా తన్నినప్పుడు, బంతి గాలిలో ఉండే నాలుగైదు సెకన్లలో గన్నర్ అనే ఆటగాడు అడ్డొచ్చేవాళ్లను తప్పించుకుంటూ పరుగెత్తి, బంతి పట్టేవాడి దగ్గరికి చేరాలి. బంతి అందకముందే తగిలితే తప్పు, ఆలస్యమైతే వాడు పారిపోతాడు. అక్కడా కొలత దరువే. న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌కు 2008 నుంచి 16 సీజన్లు ఆడిన మాథ్యూ స్లేటర్ కాగితం మీద వైడ్ రిసీవర్. బంతి పట్టడం ఆ స్థానం పని. కానీ ఇన్నేళ్లలో లీగ్ మ్యాచ్‌ల్లో అతను పట్టింది ఒకే ఒక్క పాస్. అయినా 10 సార్లు మేటి ఆటగాళ్ల మ్యాచ్ ప్రో బౌల్‌కు ఎంపికయ్యాడు, లీగ్ తుది పోటీలైన 3 సూపర్ బౌల్‌లు గెలిచాడు. అతనికి ముందు బఫలో బిల్స్ తరఫున స్టీవ్ టాస్కర్ ఇదే పనికి 7 సార్లు ప్రో బౌల్‌కు వెళ్లాడు. బంతి పట్టని ఆటగాడి ప్రతి పరుగూ అక్కడ వీడియోలో ఉంది, అంకెల్లో ఉంది. అతని ఒడుపు చూసి కొత్త కుర్రాడు నేర్చుకోగలడు.

ఉడుమలైపేట ఎద్దు ముందు నిలబడే మనిషికి అలా నమోదయ్యే గౌరవం దక్కాలి. అతని అడుగులు, ఉరుమి దరువులు, కోడెను మలిచే పద్ధతి, పనిలో వాడే తెలుగు మాటలు పెద్దవాళ్ల నోళ్లలో, కాళ్లలోనే ఉన్నాయి. పిల్లలు తమిళ బడుల్లో చదువుతున్నారు, ట్రాక్టర్లు వచ్చాక కోడెలు తగ్గుతున్నాయి. అనంతపురం ఉరుముల నృత్యం మీద పనిచేసే పరిశోధకులకు ఇది సొంత ఇంటి విషయం. జానపద కళలు చదివే విద్యార్థులు ఒక్క ధనుర్మాసం అక్కడ గడపండి. కెమెరా, నోటుపుస్తకం తీసుకెళ్లండి. పెద్దలను తెలుగులోనే పలకరించండి, తెలుగులోనే జవాబిస్తారు.