వరూధిని వలపు: అందనితనం, అనుకరణ

మనుచరిత్రలో ప్రవరుని ఇంద్రియనిగ్రహంపై తెలుగు విమర్శ విస్తారంగా చర్చించింది. వరూధినిని మాత్రం తరచుగా ఆ నిగ్రహానికి ఎదురైన పరీక్షగానే చూసింది. ఆమె వలపును కామం అన్న ఒక్క మాటతో సరిపెట్టడం వల్ల తృతీయాశ్వాసంలోని మాయాప్రవరుని ఘట్టం కేవలం కథాసంధానంగా మిగిలిపోయింది. నిజానికి ఆకర్షణ స్వభావాన్ని పెద్దన అతి నిశితంగా పరిశీలించినది అక్కడే.

సిద్ధుడిచ్చిన పాదలేపం మంచుకు కరిగిపోగా ప్రవరుడు తిరుగుదారి కోసం వరూధినిని పలకరిస్తాడు. ఆమె మొదట వలచింది అతని రూపాన్ని. అందులో వివాదం లేదు. అయితే చూపుతో పుట్టిన ఆ ఇష్టం భరింపరాని విరహంగా మారినది తిరస్కారం తరువాతనే. అమెరికన్ మనస్తత్వశాస్త్రవేత్త డొరతీ టెన్నోవ్ 1979లో వెలువరించిన గ్రంథంలో ఇటువంటి తీవ్రానురక్తిని ‘లిమరెన్స్’ అన్నారు. ఆశ, అనిశ్చితి కలిసి ఉన్నంతకాలం అది పెరుగుతుందని ఆమె ప్రతిపాదన. పదహారవ శతాబ్ది ప్రబంధంలోని అప్సరసకు ఈ కొలత ఎందుకన్న ప్రశ్న సహజమే. మన ఆలంకారికులు చెప్పిన దశ మన్మథావస్థలు విరహం ఏయే దశలలో సాగుతుందో వర్ణిస్తాయి. అది దేనిని ఆధారం చేసుకొని నిలుస్తుందో విచారించవు. ఆ లోటు వరకే ఈ భావన అవసరం.

ఆ ఆధారాన్ని కావ్యంలో గ్రహించినవాడు గంధర్వుడు. పూర్వం వరూధిని చేత తిరస్కృతుడైన అతడు ప్రవరుని రూపం ధరించి ఆమె ఎదుట పడతాడు. రూపమే చాలునని అతడు భావించి ఉంటే వెంటనే ఆమెను సమీపించేవాడు. అలా చేయలేదు. ఇల్లు, కర్మలు తలచి వెనుకాడుతున్నట్లు నటించాడు. ప్రవరుని ముఖంతో పాటు అతని విముఖతను కూడా అనుకరించాడన్న మాట. తేడా ఒక్కటే: ప్రవరుని నిరాకరణకు హద్దు లేదు, గంధర్వుని సంకోచం ఎక్కడ సడలాలో ముందే లెక్క కట్టుకున్నది. అంత దృఢంగా త్రోసిపుచ్చినవాడు ఇంత త్వరగా ఎలా మెత్తబడ్డాడని వరూధిని అడగదు. అడిగితే ఆశ చెదరిపోతుంది. మార్కండేయపురాణ కథలో గంధర్వుడు సమాగమవేళ ఆమె కన్నులు మూసుకోవాలని నియమం పెడతాడు. బయట ఉన్నవాడిని చూడక, మనసులో ఉన్నవాడితో కూడటం ఆ నియమానికి అర్థం. వలపులో ఊహాచిత్రం నిర్వహించే పాత్రను ఇంతకంటె సూటిగా చెప్పడం కష్టం.

ఈ విశ్లేషణలో ఒక ప్రమాదమూ ఉన్నది. వరూధిని ప్రేమించినది తన ఊహనే అయినప్పుడు, ఆ ఊహకు తగిన రూపం లభించింది గనుక ఆమె కోరిక తీరినట్లే అన్న వాదం దీని నుండి పుట్టవచ్చు. అది ఒప్పుకోదగినది కాదు. ఆమె అంగీకారం ప్రవరునికి ఇచ్చినది. గంధర్వునికి ఆమె సమాధానం అంతకుముందే స్పష్టంగా చెప్పింది. ఆమె మనసు ఎందుకు మోసపోవడానికి అనువుగా ఉన్నదో మనస్తత్వశాస్త్రం వివరించగలదు. ఆ వివరణ మోసగాడి పక్షాన సాక్ష్యంగా మారకూడదు. ప్రవరుని బలాత్కరించలేదు గదా అని వరూధినికి గుణం చెప్పేవారు సైతం ఆమెపై జరిగినదానికి ఆ పేరు పెట్టడానికి జంకటం విచిత్రం.

గంధర్వునికి మాత్రం తన స్థితి తెలుసు. ప్రవరుడుగా ఉన్నంతకాలమే తనకు ఆ సాన్నిహిత్యం. తానుగా ఒక్కనాడూ ఆమె ప్రేమను పొందలేదు. ఆమె గర్భవతి అయిన తరువాత నిజం చెప్పకుండానే తొలగిపోయాడు. ఆ గర్భాన పుట్టిన స్వరోచికి కొడుకు, కావ్యానికి పేరిచ్చిన స్వారోచిష మనువు.