అడ్డు తగిలే సభలో మాట నేర్వడం

సోమందేపల్లె మీదుగా సాగే 44వ నంబరు జాతీయ రహదారి ఇటు బెంగళూరుకూ అటు అనంతపురానికీ దారి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో ఉత్పత్తి మొదలుపెట్టాక ఈ దారిలోని ఊళ్ల పిల్లలకు ఇంటర్వ్యూ అనే మాట ఇంటిమాట అయింది. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడి కలెక్టరాఫీసు పుట్టపర్తిలో వెలిశాక, పంట నష్టమో పాసుపుస్తకమో రాసుకున్న అర్జీతో రైతు వెళ్లాల్సిన చోటు కూడా దగ్గరైంది. ఈ రెండు చోట్లా మనిషికి కావలసింది ఒకటే. ముక్కూ మొహం తెలియనివాళ్ల ఎదుట, వాళ్లు మధ్యలో అడిగే అడ్డుప్రశ్నలకు తడబడకుండా, వచ్చిన పని మరిచిపోకుండా మాట్లాడగలగాలి. మన బడుల్లో మాట్లాడడం నేర్పుతున్నామనుకుంటూ చేస్తున్నది వేరు. ఆగస్టు పదిహేనుకో గాంధీ జయంతికో వక్తృత్వ పోటీ పెడతారు. టీచరు రాసిచ్చిన రెండు పేజీలు పిల్లవాడు బట్టీ పట్టి, ఊపిరి బిగబట్టి అప్పజెప్పి, చప్పట్లు కొట్టించుకుని దిగిపోతాడు. మధ్యలో ఎవరూ ఒక్క ప్రశ్న వేయరు. అందుకే ఆ పోటీలో మొదటి బహుమతి అందుకున్నవాడు కూడా, ‘ఎందుకలా అంటున్నావు?’ అని ఎవరైనా అడిగితే నీళ్లు నములుతాడు.

మాట్లాడే ధైర్యం చప్పట్లతో రాదు, అడ్డంకిని దాటిన అనుభవంతో వస్తుంది. ఆ అనుభవాన్ని ఒక పద్ధతి ప్రకారం కలిగించే ఏర్పాటు తెలుగువాళ్ల దగ్గర ఎప్పటినుంచో ఉంది. అది అష్టావధానం. దాన్ని మనం పండితుల విన్యాసంగా చూసి, మెచ్చుకుని, దండ వేసి ఇంటికొచ్చేస్తాం. మాట నేర్పే బడిగా చూసింది తక్కువ. అసలు ఆ సభ కూర్పును గమనించండి. మధ్యలో అవధాని ఉంటాడు. చుట్టూ ప్రశ్నలడిగే ఎనిమిది మంది పృచ్ఛకులు, వాళ్లను అదుపులో ఉంచి సభను నడిపే సంచాలకుడు. ఒకరు పొంతన లేని అర్థంతో పద్యపాదం ఇచ్చి, దాన్ని సమర్థంగా పూరించమంటారు, అది సమస్య. ఒకరు సంబంధం లేని నాలుగు మాటలిచ్చి వాటితో రామాయణార్థంలోనో భారతార్థంలోనో పద్యం అడుగుతారు, అది దత్తపది. ఒకరు వర్ణన అడుగుతారు, ఒకరు ఆశువు, ఒకరు పురాణం చదివి వ్యాఖ్యానించమంటారు. వెనక నుంచి ఎవరో అప్పుడప్పుడు గంట కొడుతుంటే ఎన్ని కొట్టారో లెక్క తప్పకూడదు. సమస్య, దత్తపది, వర్ణన, నిషిద్ధాక్షరి ఒక్కసారిగా పూర్తి కావు. ఒక్కో ఆవృత్తంలో ఒక్కో పాదం చొప్పున నాలుగు ఆవృత్తాలు తిరగాలి. చివర ధారణలో అన్ని పద్యాలనూ మొదటినుంచి అప్పగించాలి.

వీటిలో, తర్వాత రాకూడని అక్షరాన్ని పృచ్ఛకుడు ఎప్పటికప్పుడు చెప్పే నిషిద్ధాక్షరిని కాస్త దగ్గరగా చూడాలి. సరస్వతిని స్తుతిస్తూ కంద పద్యం చెప్పమన్నారనుకుందాం. అవధాని ‘శ్రీ’ అన్నాడు. ‘శ్రీవాణి’ రాబోతోందని పసిగట్టిన పృచ్ఛకుడు ‘వ’కారం నిషేధించాడు. అవధాని ‘భా’ అన్నాడు. ‘శ్రీభారతి’ వైపు పోతున్నాడని గ్రహించి పృచ్ఛకుడు ‘ర’ను మూసేశాడు. అవధాని ‘షా’ అని, ‘శ్రీభాషా’ మీదుగా దారి చేసుకున్నాడు. పైకి ఇది తప్పించుకునే ఆటలా ఉంటుంది. కానీ రెండో అక్షరంగా ‘భా’ పడగానే ప్రాస నియమం ప్రకారం తక్కిన మూడు పాదాల్లోనూ రెండో అక్షరం భకారమే కావాలి. మొదటి అక్షరం గురువైంది కాబట్టి ఆ పాదాలన్నీ గురువుతోనే ఎత్తుకోవాలి. అంటే ఆ కొద్ది క్షణాల్లోనే శోభ, వైభవం, సౌభాగ్యం, ఆభరణం వంటి మాటలు అతని మనసులో వరస కట్టి ఉండాలి. ఇప్పటి అడ్డంకిని దాటుతూనే రాబోయే మూడు పాదాల బరువునూ తూచుకోవాలి. ఇక్కడ పృచ్ఛకుడు శత్రువు కాడు. అతను మూసిన ప్రతి దారీ అవధాని చేత ఇంకో దారి తెరిపిస్తోంది. సులువుగా నోటికొచ్చే మాటను పక్కనపెట్టి, దానికంటే మంచిదాన్ని వెతుక్కోవడం అలా అలవాటవుతుంది. వాడి వాడి అరిగిపోయిన మాటలతో ఉపన్యాసాలు నడిపే వక్తలకు ఇంతకంటే మంచి మందు లేదు.

ఇక పృచ్ఛకుల్లో మరొకడైన అప్రస్తుత ప్రసంగి సంగతి. అవధాని సమస్యాపూరణలో తలమునకలై ఉన్నప్పుడు సరిగ్గా చూసుకుని, మీ ఇంట్లో వంట ఎవరు చేస్తారు వంటి ప్రశ్న వేస్తాడు. జవాబు పద్యంలో కాదు, మామూలు మాటల్లోనే చెప్పాలి. నొప్పించకూడదు, చప్పగా ఉండకూడదు, ఆలస్యం చేయకూడదు. సభ నవ్వాక అవధాని ఎక్కడ ఆపాడో అక్కడికే తిరిగి రావాలి. సోమందేపల్లె, ధర్మవరం నేతగాళ్లు తెగిన పోగుకు ముడివేసి మళ్లీ మగ్గం సాగించినట్టు, తెగిన ఆలోచనకు ముడివేసుకోవడమే ఈ విద్యలో కీలకమని నా నమ్మకం. భయపడే వక్తను కుంగదీసేది మాట తెగడం కాదు. తెగితే మళ్లీ అందుకోలేనేమోనన్న దిగులే అతణ్ణి కుంగదీస్తుంది. పదిసార్లు తెగి, పదిసార్లు అందుకున్నవాడికి ఆ దిగులు ఉండదు.

అమెరికాలో రాల్ఫ్ స్మెడ్లీ 1924లో కాలిఫోర్నియాలోని శాంటా అనాలో మొదలుపెట్టిన టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులు ఇప్పుడు ప్రపంచమంతటా ఉన్నాయి. హైదరాబాదు, బెంగళూరు ఐటీ కంపెనీల్లో మన పిల్లలు చాలామంది వాటిలో చేరుతున్నారు. వాటి నడకలోనూ ఇదే సూత్రం కనిపిస్తుంది. ముందే తయారైన ప్రసంగానికి అయిదు నుంచి ఏడు నిమిషాలు, అప్పటికప్పుడు ఇచ్చిన అంశానికి ఒకటి రెండు నిమిషాలు. సమయం చూసేవాడొకడు, గుణదోషాలు చెప్పేవాడొకడు, వక్త ఎన్నిసార్లు ‘ఆఁ’, ‘ఊఁ’ అని సాగదీశాడో లెక్కపెట్టేవాడొకడు. ప్రతి ఒక్కరికీ ఒక పని ఉండడం రెండు చోట్లా సమానమే. తేడా ఏమిటంటే, అక్కడ వక్త పొరపాట్లను వేరొకరు లెక్కిస్తారు, ఇక్కడ గంటలను లెక్కించాల్సింది మాట్లాడుతున్నవాడే. అక్కడ ప్రసంగం అయ్యాక దిద్దుతారు, మనవాళ్లు మాట నడుస్తుండగానే అడ్డు తగులుతారు. మొదటిది సున్నితమైన పద్ధతి, దాని మేలు దానికుంది. అయితే అర్జీ పట్టుకెళ్లిన రైతును అధికారి మాట పూర్తయ్యేదాకా ఆగి ప్రశ్నించడు. అందుకే మనకు రెండోది కావాలి.

ఈ విద్య పుట్టుకతో రావాలి, పండిత కుటుంబాల్లో పెరగాలి అనే అభ్యంతరం పాతదే. దీనికి సమాధానం పెనుకొండలోనే ఉంది. ఆశావాది ప్రకాశరావు 1944లో శింగనమల మండలం కొరివిపల్లిలో దళిత కుటుంబంలో పుట్టారు. తెలుగు అధ్యాపకులై, వందకు పైగా అష్టావధానాలు చేశారు. పెనుకొండలో స్థిరపడ్డారు. 2021లో పద్మశ్రీ అందుకున్నారు, మరుసటి ఏడాది ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఒక్కరు లోపలికి వెళ్లగలిగారు కాబట్టి తలుపులు అందరికీ తెరిచే ఉన్నాయని నేను అనను. ఛందస్సు, సంస్కృతం నేర్పే ఇళ్లు తరతరాలుగా కొద్దిమందికే అందాయి. ఆ అన్యాయాన్ని దాచిపెట్టి అవధానాన్ని పొగడడం తప్పు. అయితే చదువు దొరికిన చోట ఏ కులంలో పుట్టినవాడైనా ఈ కత్తిసాము చేయగలడని ఆయన జీవితం తేల్చిచెప్పింది. అడ్డుపడింది తలుపే, తెలివి కాదు. సరిహద్దు దాటితే కన్నడ నేల మీద, కనుమరుగవుతున్న అవధానాన్ని మళ్లీ నిలబెట్టిన శతావధాని ఆర్. గణేశ్ మెకానికల్ ఇంజినీరింగ్ చదివినవారు.

ఫోన్లో అన్నీ ఉండే రోజుల్లో ఈ జ్ఞాపకశక్తి కసరత్తు దేనికనేవాళ్లూ ఉన్నారు. ధారణను సరుకు నిల్వచేసే గోడౌనుగా చూడడం వల్ల వచ్చే సందేహమిది. మూడో ప్రశ్నకు జవాబిస్తూ మొదటి ప్రశ్నను వదిలేయకపోవడమే ధారణ. నాలుగు విషయాలు చెప్పాలని బయల్దేరి, అడ్డుప్రశ్నకు జవాబివ్వడంలో రెండు మరిచి తిరిగొచ్చే మనిషికి ఫోను ఏం సాయం చేస్తుంది? అవధానంలో పుట్టిన పద్యాలు చాలావరకు ఆ సాయంత్రంతోనే మాసిపోతాయన్న మాట మాత్రం నిజం. నేనూ ఒప్పుకుంటాను. కానీ గద్వాల, ఆత్మకూరు సంస్థానాల సభల్లో నాలుక పదును పెట్టుకున్న తిరుపతి వేంకట కవులే తర్వాత పాండవోద్యోగ విజయాలు రాశారు. ఆ నాటకాల్లోని రాయబారం పద్యాలు రాయలసీమ పల్లెల్లో రాత్రి తెల్లవార్లూ పాడుతుంటే విననివాళ్లు తక్కువ. ఎదుటివాడి వాదాన్ని ముందే ఊహించి మాట విసిరే ఆ సంభాషణల బిగి, సభల్లో పృచ్ఛకులను ఎదుర్కొన్న కవులకే సాధ్యమని నాకనిపిస్తుంది.

బలమైన అభ్యంతరం ఇంకొకటుంది. అసలే నోరు విప్పని పిల్లను నిలబెట్టి అడ్డు తగిలితే ఇంకా ముడుచుకుపోదా? పోతుంది, మొదటిరోజే ఎనిమిది మందిని ఎదురుగా కూర్చోబెడితే. అయితే అవధాన సభలో మాట్లాడేది అవధాని ఒక్కడే కాదు. ప్రతి పృచ్ఛకుడూ లేచి, సభకు నమస్కరించి, తన ప్రశ్నను సూటిగా అడగాలి. జవాబు విని సరిగా ఉందో లేదో చెప్పాలి. ముందు పృచ్ఛకురాలిగా కూర్చోబెడితే బెరుకు పిల్లకూ మైకు అలవాటవుతుంది. అడగడం వచ్చాక చెప్పడం అంత దూరంలో ఉండదు. పైగా పృచ్ఛకుడికీ కట్టుబాట్లున్నాయి. నిషిద్ధాక్షరి అడిగేవాడు అక్షరాన్నే ఆపాలి, మనిషిని కాదు. హద్దు దాటితే సంచాలకుడు ఆపుతాడు. ఎగతాళికీ అడ్డంకికీ ఉన్న తేడా ఇదే. ఎగతాళికి హద్దులుండవు.

కనుక సోమందేపల్లె ఉన్నత పాఠశాలలోనో గ్రంథాలయంలోనో వారానికో సాయంత్రం ఇలాంటి సభ పెట్టుకోవడానికి ఛందస్సు తెలియనక్కర్లేదు. మాట్లాడేవాడికి ఒక అంశం ఇవ్వాలి: బోరుబావుల సంగతో, వేరుశనగ ధరో, తను చేరదలచిన ఉద్యోగమో. ఒకరు ‘అంటే’, ‘మరి’ వంటి ఊతపదాలను నిషేధించాలి. ఒకరు సంబంధం లేని మూడు మాటలిచ్చి ప్రసంగంలో ఇమడ్చమనాలి. ఒకరు మధ్యలో అప్రస్తుతం అడగాలి. చివర వక్త తనకొచ్చిన ప్రశ్నలన్నిటినీ వరసగా చెప్పి కూర్చోవాలి. తెలుగులో ఎందుకు, ఇంగ్లీషు కావాలి కదా అంటే, అదే సభను నెలకోసారి ఇంగ్లీషులో జరుపుకోవచ్చు. తెగినచోట మాటను అందుకోవడం ఒక భాషలో అలవాటైతే రెండో భాషలో మళ్లీ మొదటినుంచి నేర్వాల్సిన పనుండదు. సంచాలకుడిగా బడిలోని తెలుగు మాస్టారో టీచరమ్మో చాలు. పృచ్ఛకులను మాత్రం పిల్లల్లోంచే కాక ఊళ్లోంచీ పిలవాలి. బ్యాంకు ఉద్యోగి, పొదుపు సంఘం లీడరు, మగ్గం నేసే పెద్దాయన తమ పనిలో తమకు ఎదురయ్యే ప్రశ్నలే వేస్తారు. ఈ వారం మాట్లాడినవాళ్లు వచ్చే వారం పృచ్ఛకుల వరసలో కూర్చోవాలి.