లక్క నుంచి సిలికోన్ దాకా: టంకం అతుక్కి ఒక పూత

చార్మినార్‌కు పడమటి వైపున ఉన్న లాడ్‌బజార్‌లో నేటికీ నిప్పుల మీద లక్క కరుగుతుంది. మెత్తబడ్డ ముద్దను సాగదీసి, పట్టీగా నొక్కి, గుండ్రంగా అతికి, మళ్లీ వేడి చూపిస్తూ రాళ్లు అద్దుతారు. ఈ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొనేవాళ్ల చూపంతా తళుకు మీదే ఉంటుంది గానీ, కరెంటును ఆపడం కూడా లక్కకు వచ్చిన విద్యే.

మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు స్రవించే పదార్థం లక్క. దాన్ని శుద్ధి చేసిన రూపం షెల్లాక్. స్పిరిట్‌లో కరిగించి పూస్తే స్పిరిట్ ఎగిరిపోయి గట్టి పొర మిగులుతుంది. తీగచుట్టల పూతగా దీనికి ఒకప్పుడు ఎంత గిరాకీ అంటే, ప్రత్యామ్నాయం వెతుకుతూ వెళ్లిన రసాయన శాస్త్రవేత్త లియో బేక్‌లాండ్ చేతికి 1907లో బేకలైట్ అనే ప్లాస్టిక్ చిక్కింది.

అలాంటి పూతే ఇంట్లోని టార్చ్‌లైటు టంకం అతుకులకూ కావాలి. 2020 అక్టోబరు వానలకు ఫలక్‌నుమా దగ్గరి అల్ జుబైల్ కాలనీ మునిగింది. అలాంటి రాత్రుల్లోనే టార్చ్ కావాలి, దాన్ని పాడుచేసే తేమ కూడా అప్పుడే ఎక్కువ. టంకం పట్టడానికి వాడే ఫ్లక్స్ టార్చ్ లోపలి బోర్డు మీద అతుకుల పక్కన మిగిలిపోతే ఆ తేమను పీల్చుకుంటుంది. బ్యాటరీ కరెంటు తోడైతే లోహం కరిగి, ఒక అతుకు నుంచి పక్క అతుక్కి సన్నటి పోగులుగా పాకుతుంది. రాగికి చిలుము పడుతుంది, స్విచ్ ఆపినా బ్యాటరీ ఖాళీ అవుతుంది.

అందుకే ఈ పనిలో పూత కన్నా ముందు జరిగే కడుగుడే ముఖ్యమంటాను. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి బ్రష్షుతో ఫ్లక్స్ పూర్తిగా పోయేదాకా కడగాలి, బాగా ఆరనివ్వాలి. మురికి మీద పూస్తే శత్రువును ఇంట్లో పెట్టి తాళం వేసినట్టే. ఒక్క మందపాటి పొర కన్నా రెండు పల్చటి పొరలు మేలు. స్ప్రింగుకూ, బ్యాటరీ తగిలే చోటుకూ, ఎల్‌ఈడీ ముఖానికీ పూత అంటకూడదు. లోహపు టార్చ్‌లో చాలాసార్లు ఒంటి గుండానే కరెంటు నడుస్తుంది కాబట్టి మూత బిగించే మరల జోలికీ పోవద్దు.

దేనితో పూయాలి? లక్క సుమారు 70 డిగ్రీలకే మెత్తబడుతుంది. గాజు చేసేవారికి అదే వరం, వేడెక్కే ఎల్‌ఈడీ పక్కన అదే లోపం. అక్కడ సిలికోన్ పూతే నమ్మకమైనది, కాకపోతే మళ్లీ టంకం పెట్టాలంటే దాన్ని గీకి తీయాలి. యాక్రిలిక్ అయితే తగిన థిన్నర్‌కు కరిగిపోతుంది, రిపేరుకు సుఖం. పుల్లటి వెనిగర్ వాసన కొట్టే సిలికోన్ మాత్రం వద్దు, అది ఆరుతూ వదిలే ఆమ్లం రాగిని తింటుంది. నెయిల్ పాలిష్ అవసరానికి ఆదుకుంటుంది, వేడి చోట నిలవదు. ఏది పూసినా పూర్తిగా ఆరాకే టార్చ్ మూత బిగించండి. లోపల చిక్కుకున్న ఆవిర్లు ఎల్‌ఈడీని మసకబార్చగలవు.

ఇంత చేసినా ఇది తేమకు అడ్డే తప్ప వరదకు కాదు. నీళ్లను ఆపాల్సింది మూత దగ్గరి రబ్బరు రింగు. అది పగిలిందేమో ముందు చూసుకోండి.