ఎంకి పాటలు - మెదడు పటములు

ఏలూరు ప్రాంతమునందలి వసంతవాడలో 1895లో జన్మించిన నండూరి సుబ్బారావు గారి ‘ఎంకి పాటలు’ 1925లో పుస్తకరూపము దాల్చినవి. నాయుడు బావ, ఎంకి ఒకరినొకరు తలచుకొనుటయే వాని ఇతివృత్తము. భాష పల్లెవారి నోటి పలుకు. ఈ ప్రేమను గూర్చి నేటి మెదడు శాస్త్రము చెప్పగలిగినదేమి, చెప్పలేనిదేమి అన్నది విచారింపదగిన విషయము.

2000లో లండనులో బార్టెల్స్, జెకి అను శాస్త్రజ్ఞులు గాఢప్రేమలోనున్న 17 మందికి ప్రియుల ఛాయాచిత్రములను, స్నేహితుల ఛాయాచిత్రములను చూపి, వారి మెదళ్లను ఎం.ఆర్.ఐ. యంత్రముతో పరిశీలించిరి. ప్రియులను చూచునపుడు కొన్ని భాగములు చురుకెక్కినవి. ఎదుటివారి మంచిచెడ్డలు తూచుటకు తోడ్పడునని తలచు కొన్ని భాగములు మందగించినవి. తన ఎంకికి సాటి వేరొకతె లేదను నాయుడు బావ నిశ్చయము వట్టి అతిశయోక్తి కాదని దీనివలన ఊహింపవచ్చును.

2005లో అమెరికాలో ఏరన్, ఫిషర్ మున్నగువారు కొత్తగా ప్రేమలో పడిన మరి 17 మందిని పరీక్షించిరి. నడి మెదడులో డోపమైను అను రసాయనమును తయారుచేయు కణములున్న తావు చురుకుగా నుండెను. ప్రేమ కేవలము ఒక భావము కాదనియు, ఆకలిదప్పులవలె మనిషిని ముందుకు నడుపు ప్రేరణ యనియు వారు తలచిరి. ఈ కణములు ఎలుకలకును కలవు. చదువుతోను, కులముతోను నిమిత్తము లేక మనుష్యులందరికిని కలవు. కనుక సున్నితమైన ప్రేమ రాజాంతఃపురములకే చెల్లునను పాత కావ్యమర్యాదకు శాస్త్రమున ఆధారము లేదు. పల్లెజంటను నాయికానాయకులుగా నిలిపిన కవి ఎన్నిక సబబైనదే.

అయితే యంత్రమునకును హద్దు కలదు. ప్రియులు విడనాడినను మరువలేక బాధపడుచున్న 15 మందిని పరీక్షింపగా ఆ తావే మరల చురుకుగా కనబడెనని 2010లో ప్రకటించిరి. ప్రేమ ఫలించినవారికిని, విఫలమైనవారికిని పటమున ఒకే దీపము వెలిగినది! యంత్రము పసిగట్టునది రక్తములోని ఆమ్లజని మార్పులనే. కూడియున్ననాటి పాటకును, ఎడబాటు పాటకును గల భేదమును పాఠకుడు వినినంతనే గుర్తించును.

ఆక్సిటోసిన్ అను హార్మోనే ప్రేమకు మూలమనుటయు తొందరపాటే. జంటకట్టి జీవించు వోల్ అను ఎలుకవంటి జంతువులలో ఆ హార్మోనును అందుకొను గ్రాహకములు లేకుండ చేసినను అవి జంటకట్టినవని 2023లో వెల్లడియైనది.

కావున ప్రేమ వట్టి రసాయనమని తీసివేయుట తగదు. ప్రేమ విఫలమై కుములువారిని పిచ్చివారని ఎగతాళి చేయుటయు తగదు. వారి బాధ ఆకలివలె శరీరమందు వేళ్లూనినది. పెద్దలు ఈ సంగతి గుర్తించి, అట్టివారిని ఓపికతో ఆదరించుట మేలు.